తలుపులన్నీ మూసినా ఆరని రూఫ్ లైటు: ఒక ఎర్రగుంట్ల బండి కేసు

బండి 2016 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. ఓనరుకు ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది, నడిపేది డ్రైవరు. నా మెకానిక్ షెడ్డు కడపలో. ఇంకో బండి బ్యాటరీకి జంపర్ కేబుళ్లు తగిలించి, ఎలాగో స్టార్ట్ చేసుకుని తెచ్చారు. ఫిర్యాదు రెండే ముక్కలు: రూఫ్ లైటు ఆరదు, బ్యాటరీ నిలవదు.

నా దగ్గరికి రాకముందు ఈ బండి మీద ఎవరెవరు ఏం చేశారో ముందు చెప్పాలి. ఈ కేసులో సగం చిక్కు అక్కడే ఉంది. మొదట డ్రైవరే లైటు స్విచ్చిని ఆఫ్‌లోకి నెట్టేశాడు. లైటు కంటికి కనబడలేదు కాబట్టి సమస్య తీరిందనుకున్నారు. వారం తిరక్కముందే ఒక పొద్దున సెల్ఫ్ తిరగలేదు. పాత బ్యాటరీ కదా, దాని పనైపోయిందని కొత్తది వేశారు. అదీ దిగిపోయింది. ఎవరో తలుపు లాకుల్లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టారు. కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. ఇంకొకరు రూమ్ ల్యాంపు ఫ్యూజు పీకేశారు. లైటు పోయింది గానీ దాంతోపాటే గడియారం, స్టీరియోలో పెట్టుకున్న స్టేషన్లు, సెంట్రల్ లాకింగు కూడా పోయాయి. ఆ బండిలో వీటన్నిటికీ ఎప్పుడూ కరెంటు వచ్చేది ఆ ఒక్క ఫ్యూజు గుండానే. మళ్లీ ఫ్యూజు పెట్టక తప్పలేదు. చివరికి ఒకచోట స్కానర్ తగిలించి, బీసీఎం (లైట్లు, లాకులు నడిపే కంట్రోల్ డబ్బా) పోయింది, మార్చాలి అని ఐదంకెల లెక్క చెప్పారు. ఆ లెక్క విన్నాకే ఓనరు నా దగ్గరికి వచ్చాడు.

బండి చేతికి రాగానే నేను చేసిన మొదటి పని రూఫ్ లైటు స్విచ్చిని ఆఫ్ నుంచి మళ్లీ మధ్యలోని డోర్ స్థానానికి తేవడం. డ్రైవరు అయోమయంగా చూశాడు. ఆర్పమని తెస్తే వెలిగిస్తున్నాడేంది అని. ఆ స్విచ్చిలో మూడు స్థానాలుంటాయి: ఎప్పుడూ వెలిగేది, ఎప్పుడూ వెలగనిది, తలుపు తీస్తేనే వెలిగేది. ఆ మూడో స్థానంలో పెట్టినప్పుడు, తలుపులన్నీ మూశాక కూడా లైటు ఆరకపోతే, ఏదో ఒక తలుపు తెరిచి ఉందని బండి నమ్ముతున్నట్టు. నేను సరిచేయాల్సింది ఆ నమ్మకాన్ని. స్విచ్చి ఆఫ్ చేసినా, బల్బు పీకినా ఆ నమ్మకం అలాగే ఉంటుంది, మనకు కనబడకుండా పోతుందంతే.

పాత బండ్లలో ఈ వ్యవహారం చాలా సులువు. బల్బుకు ఒక వైపు బ్యాటరీ ప్లస్ ఫ్యూజు గుండా నేరుగా వచ్చి ఉంటుంది. రెండో వైపు వైరు పిల్లర్ల మీద, అంటే తలుపులు ఆనుకునే బాడీ స్తంభాల మీద ఉన్న నొక్కుడు స్విచ్చిలకు పోతుంది. తలుపు మూస్తే స్విచ్చి లోపలికి నొక్కుకుని వైరు తెగుతుంది, తెరిస్తే బయటికి వచ్చి బాడీకి ఎర్త్ తగిలి బల్బు వెలుగుతుంది. నాలుగింట్లో ఏ ఒక్కటి ఎర్త్ అయినా లైటు వెలిగినట్టే. ఇప్పటి చాలా బండ్లలో ఆ నొక్కుడు స్విచ్చి కంటికి కనబడదు. తలుపు లాకు లోపలే వేలిగోరంత మైక్రో స్విచ్చి ఉంటుంది. దాని వైరు బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కు, అంటే మనం బీసీఎం అనే డబ్బాకు పోతుంది. ఏ తలుపు వైరు దానికే విడిగా ఉంటుంది. లైటును వెలిగించేదీ ఆర్పేదీ బీసీఎమ్మే. రిమోట్ లాకింగు, అలారం, డ్యాష్‌బోర్డు మీద తలుపు బొమ్మ, అన్నీ ఆ సమాచారం మీదే నడుస్తాయి. ఇలాంటి బండిలో తలుపు తెరిచి ఉందనుకున్నంత సేపూ బీసీఎం నిద్రపోదు. అది మేలుకుని ఉంటే దాంతో మాట్లాడే మిగతా డబ్బాలూ కొన్ని మేలుకునే ఉంటాయి. లైటు ఆఫ్ చేసినా బ్యాటరీ దిగిపోయింది అందుకే.

డ్రైవరు చెప్పిన మాట

స్కానర్ కన్నా ముందు మనిషిని అడగడం నా అలవాటు. ఓనర్లు సాధారణంగా ఇంకొకరు చెప్పిన రోగం పేరు చెప్తారు. డ్రైవర్లయితే కంటితో చూసింది చెప్తారు.

"ఎప్పుడెప్పుడు వెలుగుతాంది?" అని అడిగాను.

"ఎప్పుడని చెప్పేదన్నా. ఫ్యాక్టరీ కాడ నిలబెట్టినాక ఆరదు. తలుపు నాలుగుసార్లు గట్టిగా కొడితే ఒక్కోసారి ఆరుతాది. రన్నింగ్‌లో ఇంకో రకం. గువ్వలచెరువు ఘాట్లో రాత్రిపూట గతుకు పడిందంటే టక్కున వెలుగుతాది, మళ్లీ ఆరుతాది. ముందద్దంలో అంతా మన మొగాలే, రోడ్డు కనపడదు."

"నువ్వొక్కడివే ఉన్నప్పుడు కూడానా?"

కాసేపు ఆలోచించాడు. "ఒక్కణ్నే ఉన్నప్పుడు రన్నింగ్‌లో వెలగలేదన్నా. సార్ ఉంటేనే."

ఓనరు నవ్వాడు. "నన్ను చూసి వెలుగుతాందా అది?"

అప్పటికి నేనూ నవ్వాను గానీ ఆ మాటను రాసి పెట్టుకున్నాను. ఇంకో సంగతి కూడా బయటికొచ్చింది. రిమోట్ నొక్కితే లాకులు పడి, వెంటనే తిరిగి లేస్తున్నాయట. రిమోట్‌లో సీఆర్ 2032 సెల్లు మార్చారు, అయినా అంతే. అది వేరే జబ్బు అనుకున్నారు. తలుపు తెరిచి ఉందనుకునే బండి లాకు వేయడానికి ఒప్పుకోదు. లైటు, బ్యాటరీ, రిమోట్ మూడూ ఒకే ఇంటి గొడవ. గతుకు పడితే వెలగడం ఒక్కటే దీనికి పూర్తిగా సరిపోలేదు. నిలబెట్టినప్పుడు తలుపు గట్టిగా కొడితేనే ఆరే లైటు, రన్నింగ్‌లో మనిషి కూర్చుంటేనే ఎందుకు వెలగాలి?

మీటరు ఏం చెప్పింది

దిగిపోయిన బ్యాటరీ మీద కొలతలు తీయడం దండగ. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, మర్నాడు కాసేపు వదిలేసి చూస్తే 12.6 వోల్టులు నిలబడ్డాయి. అంటే కొత్త బ్యాటరీలో లోపం లేదు, దాన్ని ఎవరో తాగేస్తున్నారు.

నిద్రలో బండి తాగే కరెంటు కొలవాలంటే మల్టీమీటరును నెగటివ్ కేబుల్‌కు బ్యాటరీకి మధ్య వరసలో పెట్టాలి. ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చాలి. ఆ స్థితిలో పొరపాటున సెల్ఫ్ కొడితే మీటరులో ఫ్యూజు ఎగిరిపోతుంది, చవక మీటరైతే మీటరే పోతుంది. కేబుల్ విప్పే ముందే ఒక జంపర్ వైరుతో దారి కట్టి, మీటరు కలిపాక ఆ వైరు తీసేస్తాను. అలా చేస్తే బండికి కరెంటు ఒక్క క్షణం కూడా తెగదు. తెగిందంటే డబ్బాలన్నీ కొత్తగా మేలుకుంటాయి, కొన్నిసార్లు లోపమే తాత్కాలికంగా మాయమైపోతుంది, మనం ఏమీ కనుక్కోలేక కూర్చుంటాం.

తలుపులు తెరిచి ఉంచి పని చేయాలి కాబట్టి, లాకు నోట్లోని కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో రెండో టక్కు దాకా తిప్పి, మూసినట్టు బండిని నమ్మించాలి. పని కాగానే హ్యాండిల్ లాగి దాన్ని విడిపించాలి. మర్చిపోయి తలుపు మూశారా, మూసుకున్న కొక్కెం పోయి పిల్లర్ మీది కడ్డీకి గుద్దుకుంటుంది, లాకో పెయింటో ఏదో ఒకటి పోతుంది. మా షెడ్డు పిల్లోళ్లకు ఇది నేర్పేటప్పుడు స్టీరింగ్‌కు గుడ్డ కట్టిస్తాను. గుడ్డ విప్పాలంటే నాలుగు హ్యాండిళ్లూ లాగి రావాలి.

తాళం దూరంగా పెట్టి అరగంట ఆగాను. ఆరోగ్యంగా ఉన్న బండి ఆలోపు పడుకుని 50 మిల్లీ ఆంపియర్ల లోపలికి దిగాలి. ఇది లైటు వెలుగుతూ 1.3 ఆంపియర్ల దగ్గరే నిలబడింది. స్విచ్చి ఆఫ్ చేస్తే 0.5కు దిగింది, అంతకన్నా కిందికి రాలేదు. బల్బు 10 వాట్లది, దాని వాటా 0.8. లెక్క సరిపోయింది. మిగిలిన 0.5 ఆంపియర్లే అసలు దొంగ. రోజుకు 12 ఆంపియర్-అవర్లు. బ్యాటరీ 50ది కాబట్టి రెండు రోజులు నిలబెడితే సగం ఖాళీ. డీజిల్ ఇంజినుకు గ్లో ప్లగ్గులు కూడా మండాలి, సెల్ఫ్ కూడా గట్టిగా లాగాలి, సగం బ్యాటరీతో మూడో రోజో నాలుగో రోజో పొద్దున అది నడవదు. లైటు కూడా వెలిగితే మర్నాడే అయిపోతుంది. కొన్ని మోడళ్లలో బీసీఎం కొంతసేపటికి లైటును తానే ఆర్పేసే ఏర్పాటు ఉంటుంది, ఈ బండిలో లేదు. ఒక విధంగా అదే మంచిదైంది. ఉంటే లైటు అరగంటకు ఆరిపోయి, లోపం ఇంకా లోతుగా దాక్కునేది.

ఇక బీసీఎం సంగతి. స్కానర్‌లో దానికి సంబంధించిన పాత లోపాల కోడ్లు చాలానే ఉన్నాయి. వోల్టేజి పడిపోయిన బండిలో సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఒక్కో డబ్బా ఏదో ఒక కోడ్ రాసుకుంటుంది. వాటిని చదివి పార్టు మార్చమనడం తగదు. నిండా ఛార్జ్ అయిన బ్యాటరీ మీద కోడ్లన్నీ చెరిపేసి, ఏవి తిరిగొస్తాయో చూడాలి. ఒక్కటీ తిరిగి రాలేదు.

లైవ్ డేటాలో ఐదు వరుసలు కనబడతాయి: నాలుగు తలుపులు, డిక్కీ. అన్నీ మూసి ఉన్నాయి. ఎడమ వెనక తలుపు మాత్రం తెరిచి ఉందని చూపిస్తోంది. తెరిచినా మూసినా ఆ వరుస మారలేదు. మధ్య పిల్లర్ దగ్గర ఆ తలుపు వైరింగు కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) పీకాను. రూఫ్ లైటు ఠక్కున పోలేదు, మెల్లగా మసకబారి ఆరింది. అలా మసకబార్చి ఆర్పేది బీసీఎమ్మే. లోపల ట్రాన్సిస్టర్ కాలిపోయి అతుక్కుపోయి ఉంటే లైటు అలా ఆరే ప్రసక్తే లేదు. బీసీఎం తన పని తాను చక్కగా చేస్తోంది, దానికి అందుతున్న సమాచారమే తప్పు. స్కానర్ లేనివాళ్లకు కూడా ఈ పద్ధతి పనికొస్తుంది: ఒక్కో తలుపు కప్లర్ పీకుతూ పోతే, ఏది పీకితే లైటు ఆరుతుందో లోపం ఆ తలుపు వైపు. అన్నీ పీకినా ఆరకపోతే అప్పుడు పిల్లర్ నుంచి బీసీఎం దాకా ఉన్న వైరును అనుమానించాలి, బీసీఎం వంతు ఆ తర్వాతే. స్విచ్చి కలిసి ఎర్త్ తగిలితే తలుపు తెరిచినట్టుగా చదివే బండికి ఈ లెక్క. కొన్ని మోడళ్లలో ఇది తిరగబడి ఉంటుంది. వాటిలో కప్లర్ పీకితే తలుపు తెరిచినట్టే చదువుతుంది, కాబట్టి వైరింగు బొమ్మ చూడకుండా తీర్పు చెప్పొద్దు.

బండల బురద

డోర్ ప్యాడ్ విప్పి, లోపలి ప్లాస్టిక్ షీటు తప్పించి, లాకు బయటికి తీశాం. చేతిలోకి రాగానే సంగతి తెలిసిపోయింది. గ్రీజు ఉండాల్సిన చోట బూడిద రంగు ముద్ద, గోరుతో గీకితే పెళుసుగా రాలుతోంది.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తిరిగే బండ్లు చూసేవాళ్లకు ఈ ముద్ద కొత్తది కాదు. కడప బండ అంటే సున్నపురాయి. కోసేటప్పుడూ పాలిష్ పట్టేటప్పుడూ నీళ్లు పోస్తూనే ఉంటారు, ఆ నీళ్లతో మెత్తటి రాతిపిండి పాలలా కారుతుంది. ఆరాక గాలికి లేస్తుంది, మళ్లీ అన్నిట్లోకీ దూరుతుంది. మామూలు ఎర్రమట్టి దుమ్ము దులిపితే పోతుంది. ఇది గ్రీజులో కలిస్తే పోదు. మే నెల ఎండలో రేకు కాలిపోతుంటే ఆ గ్రీజులో నూనె ఆరిపోయి, పిండి గట్టిపడి మిగులుతుంది. ఫ్యాక్టరీలో శాంపిల్ బండ ముక్కలు ఎప్పుడూ ఎడమ వెనక సీట్లోనే పెడతారని డ్రైవరు చెప్పాడు. తడి బురద చేతులతో ఆ తలుపే తీస్తారు, ఆ తలుపే మూస్తారు. పైగా ఆ తలుపు అద్దం బయటి బీడింగు, అంటే అంచు రబ్బరు, ఎండకు చిట్లిపోయి ఉంది, కడిగిన నీళ్లు నేరుగా లాకు మీదికే దిగుతున్నాయి.

లాకు పట్టుకోవడంలో లోటు లేదు, తలుపు భద్రంగానే పడుతోంది. కొక్కెం తిరిగినప్పుడు మైక్రో స్విచ్చిని వదలాల్సిన చిన్న లివరు మాత్రం ముద్దలో ఇరుక్కుని వెనక్కి రావడం లేదు. తలుపు గట్టిగా కొడితే ఆ అదురుకు ఒక్కోసారి వచ్చేది, డ్రైవరు చెప్పిన నాలుగు దెబ్బల మర్మం అదే. స్విచ్చిని మీటరుతో చూశాను. నొక్కితే 0.4 ఓమ్, వదిలితే పూర్తిగా తెగుతోంది. స్విచ్చి బాగుంది. ఇది అరిగి ఉంటే లాకు మొత్తం మార్చక తప్పదు. ఆ స్విచ్చి విడిగా దొరకదు, దొరికినా రివిట్లు కోసి అతికించే పని నేను చేయను. తలుపు లాకు అంటే ప్రాణం మీది సామాను.

ముందు కొట్టిన స్ప్రే గురించి ఒక మాట. అది తుప్పు వదిలిస్తుంది, ముద్దను కాసేపు మెత్తబరుస్తుంది, అందుకే కొన్నాళ్లు బాగున్నట్టు అనిపించింది. కానీ అందులో జారుడు కన్నా ద్రావకమే ఎక్కువ. ఉన్న కాస్త మంచి గ్రీజును కూడా కరిగించి తీసుకుపోయి, ఆరిపోయి, తర్వాతి దుమ్ముకు చోటు చేసి పోయింది. దుమ్ము ఊళ్లలో లాకులకు స్ప్రే ఒక్కటే కొట్టి వదిలేయడం కన్నా ముట్టుకోకపోవడం మేలని నా ఉద్దేశం.

కొక్కెం వైపు మాత్రమే కిరసనాయిలు, బ్రష్షుతో కడిగాం. స్విచ్చి ఉన్న మూలను పైకి పట్టుకుని కడగాలి, లాకును డబ్బాలో ముంచకూడదు. కంప్రెసర్ గాలి కొట్టి, నీడలో ఆరబెట్టి, తిరిగే చోట్ల మాత్రం తెల్ల లిథియం గ్రీజు పలుచగా పూశాం. ఎక్కువ పూస్తే మళ్లీ అదే ముద్ద. బీడింగు కొత్తది వేశాం. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు కూడా పిండితో పూడిపోయి ఉంటే తీగతో పొడిచి తెరిచాం. ప్లాస్టిక్ షీటును తిరిగి అంటించేటప్పుడు చాలామంది బద్ధకిస్తారు. అది లేకపోతే డోర్ ప్యాడ్ వెనక తేమ చేరి, ఈసారి కప్లర్ పచ్చబారుతుంది.

లైటు ఆరింది. అరగంటకు మీటరు 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలబడింది. రిమోట్ నొక్కితే లాకులు పడి పడినట్టే ఉన్నాయి.

సార్ కూర్చుంటేనే

బండి అప్పగించేయొచ్చు. కానీ గతుకు మాట తేలలేదు. షెడ్డు పిల్లోణ్ని ఓనరు కూర్చునే ముందు ఎడమ సీట్లో కూర్చోబెట్టి, స్కానర్ నా ఒళ్లో పెట్టుకుని, వాణ్ని కాస్త ఊగమన్నాను. మూడో ఊపుకు లైటు వెలిగింది. స్కానర్‌లో ముందు ఎడమ తలుపు తెరిచి ఉంది. తలుపేమో మూసి ఉంది. వాడు లేచాడు, ఆరింది.

సీటు వెనక్కి జరిపి కింద చూస్తే కార్పెట్ మీద నల్లటి సన్న వైరు ఒకటి, టేపు కూడా సరిగా లేదు. ఎప్పుడో యాక్సెసరీ షాపులో కాళ్ల దగ్గర నీలం ఎల్‌ఈడీ పట్టీలు వేయించారు. తలుపు తీస్తే అవి వెలగాలని, పట్టీల నెగటివ్‌ను ముందు ఎడమ తలుపు స్విచ్చి వైరుకు కలిపారు. అక్కడి నుంచి వెనక కాళ్ల పట్టీకి తీసుకుపోయిన ముక్క సీటు పట్టాల కింద నుంచి వెళ్తోంది. సీటు ముందుకు వెనక్కు జరిగి జరిగి ఇన్సులేషన్ అరిగిపోయింది. ఖాళీ సీటు కింద వైరుకు పట్టాకు మధ్య సందు ఉంది. మనిషి కూర్చుని గతుకు పడితే సందు పోయి రాగి పట్టాకు తగులుతుంది. పట్టా అంటే ఎర్త్. తలుపు స్విచ్చి ఎర్త్ అయినా, ఈ వైరు ఎర్త్ అయినా బీసీఎంకు తేడా తెలియదు. ఓనరు లేనిదే ఎందుకు వెలగలేదో, ఇదివరకు చూసినవాళ్లకు ఎందుకు దొరకలేదో దీంతో తేలిపోయింది. బండి నిలబెట్టి, ఎవరూ కూర్చోకుండా ఎంతసేపు వెతికినా ఇది బయటపడదు. పైగా రెండు లోపాలకూ కనబడే గుర్తు ఒకటే. ఒకదాన్ని సరిచేస్తే ఇంకోటి వెలిగిస్తుంది. స్ప్రే కొట్టిన మనిషి పని కాస్తయినా కుదిరిందో లేదో అతనికి కూడా తెలిసే వీలు లేకపోయింది.

ఆ పట్టీలతో ఇంకో తంటా ఉంది. తలుపు స్విచ్చి వైరులో బీసీఎం పంపేది చాలా సన్నటి కరెంటు, తలుపు తెరిచిందా లేదా అని తెలుసుకోవడానికే. దానికి పట్టీ తగిలిస్తే పట్టీ భారమంతా గోరంత మైక్రో స్విచ్చి మోయాలి. స్విచ్చి కొనలు తొందరగా కాలతాయి. బీసీఎం పడుకున్నాక ఆ వైరు గుండా కొద్దిగా కారే కరెంటుకే ఎల్‌ఈడీ మినుకు మినుకుమంటుంది. అంత తక్కువ కరెంటుకు పాత తీగ బల్బు వెచ్చబడదు కూడా. రూఫ్ లైటులో పాత బల్బు తీసి ఎల్‌ఈడీ వేసుకున్నవాళ్లు రాత్రి మసకగా వెలుగుతోందని వస్తుంటారు, వాళ్లలో చాలామందికి లోపం ఏదీ ఉండదు. పాత బల్బు వేసి చూడమంటాను. పూర్తిగా ఆరితే కారుతున్న కరెంటే కారణం, అంతటితో నిశ్చింత.

పట్టీలు పీకేయమన్నాను. ఓనరుకు ఇష్టం లేదు, పిల్లలు ముచ్చటపడి వేయించుకున్నారట. సరే అని పద్ధతి మార్చాను. తలుపు వైరుకు ఉన్న అతుకు విప్పి, అక్కడ ఇన్సులేషన్ పూర్తిచేశాను. పట్టీలకు బ్యాటరీ నుంచి వేరే ఫ్యూజుతో లైను ఇచ్చి, మధ్యలో ఒక చిన్న రిలే (సన్నటి కరెంటుతో పెద్ద లైనును కలిపే స్విచ్చి) పెట్టాను. రిలే కాయిల్‌కు రూఫ్ లైటు వెలిగే లైనులోంచి సంకేతం. రూఫ్ లైటుతో పాటే వెలిగి దాంతోపాటే ఆరతాయి, తలుపు వైరు జోలికి పోవు. కాయిల్‌కు అడ్డంగా డయోడు ఉన్న రిలేనే వాడాలి, లేకపోతే అది తెగినప్పుడల్లా వచ్చే వోల్టేజి పోటు బీసీఎంకు తగులుతుంది. వైర్లను సీటు పట్టాల దగ్గరికి రానీయకుండా గడప ప్లాస్టిక్ కింద నుంచి నడిపాం.

మిగతా బండ్ల సంగతి

అన్ని కేసులూ ఇంత ముదరవు. షెడ్డుకు వచ్చేవాటిలో చాలావాటికి పిల్లలు స్విచ్చి నొక్కి వదిలేయడమే కారణం. ముందు మ్యాప్ లైట్లకు విడి బటన్లు ఉన్న బండ్లలో అది మరీ ఎక్కువ. కొన్ని విదేశీ మోడళ్లలో డ్యాష్‌బోర్డు వెలుతురు సర్దే చక్రం చివరిదాకా తిప్పితే రూఫ్ లైటు వెలుగుతుంది, అది తెలియక వైరింగంతా విప్పినవాళ్లున్నారు.

నొక్కుడు స్విచ్చిలున్న పాత వ్యాన్లు, జీపుల్లో స్విచ్చి మీది రబ్బరు టోపీ ఎండకు పొడిపొడి అయిపోతుంది. తలుపు మూసినా స్విచ్చి పూర్తిగా నొక్కుకోదు. వేలితో స్విచ్చి నొక్కి చూడండి, ఆరితే స్విచ్చి మంచిదే, దానికి తగిలే చోట రెండు మిల్లీమీటర్ల రబ్బరు ముక్క అంటిస్తే సరి. వేలితో నొక్కినా ఆరకపోతే స్క్రూ విప్పి వైరు లాగేయండి, అప్పుడు ఆరితే లోపం ఆ స్విచ్చిదే, ఆరకపోతే ఇంకోచోట వెతకాలి. యాక్సిడెంట్ అయి తలుపు సర్దించిన బండైతే ముందు సందులు చూడండి. ఒక్క టక్కు దగ్గరే ఆగిపోతున్న తలుపుకు లైటు ఆరదు, అది ఆరకపోవడమే మంచిది, ఆ తలుపు రన్నింగ్‌లో తెరుచుకోవచ్చు.

హ్యాచ్‌బ్యాకుల్లో డిక్కీ దగ్గరి రబ్బరు గొట్టాన్ని మర్చిపోవద్దు. డిక్కీ ఎత్తీ దించీ లోపలి వైర్లు మడత దగ్గర చిట్లుతాయి, ఒకటి ఇంకోదానికి తగిలి డిక్కీ తెరిచి ఉన్నట్టు చూపిస్తుంది. వాటిని మడత దగ్గరే సోల్డర్ చేస్తే ఆ అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. గొట్టం బయట రెండు వైపులా అతుకు పెట్టి, మడత భాగానికి మెత్తటి కొత్త వైరు వేయాలి.

ఈ బండిని అప్పగించే ముందు పిల్లోణ్ని అదే సీట్లో కూర్చోబెట్టి గతుకుల దారిలో తిప్పాం, స్కానర్‌లో ఐదు వరుసలూ కదలలేదు. తాళం వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దున మీటరు 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఉంది, బ్యాటరీ 12.6 దగ్గరే ఉంది. కోడ్లు లేవు. బిల్లులో లాకు సర్వీసు, బీడింగు, రిలే, ఫ్యూజు, లేబరు, అంతే. బీసీఎంకు చెప్పిన లెక్కలో చిన్న ముక్క. బీసీఎం మార్చి ఉంటే తాళాలను కూడా దానికి పరిచయం చేయాల్సి వచ్చేది, లైటు మాత్రం అలాగే వెలుగుతుండేది.

కుడి వెనక లాకు కూడా విప్పి చూశాం. ముద్ద కట్టడం మొదలైంది, లివరు ఇంకా కదులుతోంది. ఇప్పుడే కడిగిద్దామన్నాను. "వచ్చే సర్వీసుకు చూద్దాంలే అన్నా, ఇప్పటికే శానా అయింది" అన్నాడు ఓనరు. శాంపిల్ బండలు అప్పటిదాకా డిక్కీలో పెట్టమని డ్రైవరుతో చెప్పి పంపాను.